అమ్మ సెలినిటీ ఎంత?

"సీసా అయిందా అమ్మా?"

మార్చి నుంచి మే దాకా హైదరాబాదు నుంచి రోజూ సాయంత్రం నేను చేసే ఫోనులో మొదటి మాట ఇదే. ఉగాదికి ఊరెళ్ళినప్పుడు గీతలు గీసి ఉన్న పెద్ద ప్లాస్టిక్ సీసా ఒకటి కొనిచ్చి వచ్చాను. ఎనిమిదింటికి ఇంత, పదింటికి ఇంత అని దాని మీదే అచ్చేసి ఉంటుంది. లీటరున్నర పడుతుంది. రోజుకి రెండుసార్లు ఖాళీ అవ్వాలని నా హుకుం. "దాహం లేకుండా తాగమంటే ఎలాగే? పొట్ట చెరువైపోతోంది" అని అమ్మ గొణిగేది. గొణుగుతూనే తాగేది. కూతురు పట్నం నుంచి చెబుతోంది కదా, తప్పెందుకు చెబుతుందని.

మే మూడో వారంలో ఒకరోజు ఫోనెత్తి నన్ను మా పెద్దత్తయ్య పేరుతో పిలిచింది. నవ్వుకున్నాను. మర్నాడు మళ్ళీ పిలిచింది. అప్పుడు నవ్వు రాలేదు.

మా ఊరు కోనసీమలో, వైనతేయ పాయకి దగ్గర. అమ్మకి 71 ఏళ్ళు, బరువు 48 కిలోలు. బీపీ ఉంది. ఫిబ్రవరిలో మాత్ర మార్చారు. కొత్త మాత్రలో నీరు తీసే మందు కూడా కలిసి ఉంది. ఉప్పు తగ్గించమన్నారు. అమ్మ సంగతి తెలిసిందే, తగ్గించమంటే మానేసే రకం. ఆవకాయ జాడీ అటక మీదికెక్కింది, మజ్జిగలో ఉప్పు పోయింది. ఎండలకి అన్నం సయించక పూటకి రెండు ముద్దలు చారన్నం. పైన నా మూడు లీటర్లు. తర్వాత నాలుగు రోజులు వికారం, వాంతులు.

ఊళ్ళో మొదటి దిక్కు ఆర్‌ఎంపీ గారే. ఆయన చెయ్యి పట్టుకు చూసి "ఎండదెబ్బండి ఆయ్. నీరసం. రెండు గ్లూకోజులు పెట్టేత్తే లేచి కూకుంటారు" అన్నారట తమ్ముడితో. పెట్టారు కూడా. కూచోలేదు. రాత్రికి పలకడం మానేసింది. తమ్ముడు కారులో వేసుకుని రావులపాలెం మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళాడు. రక్తపరీక్షలో సోడియం 114. ఉండాల్సింది 135కి, 145కి మధ్య.

ఈ వ్యాసం ఆ సీసా మీద ఫిర్యాదు. దాన్ని కొనిచ్చిన నా మీద కూడా.

*

తమ్ముడు రొయ్యల రైతు. మూడు చెరువులు. ఆసుపత్రి వరండాలో వాడికి సోడియం అంటే ఏమిటో చెప్పడానికి నేను తంటాలు పడుతుంటే మధ్యలో ఆపి, "సెలినిటీయే కదక్కా?" అన్నాడు. చెరువు నీటి ఉప్పదనానికి వాళ్ళ మాట అది. వాడి భాషలోకి వచ్చాక విషయం నాకూ మొదటిసారి అర్థమైంది. ఆసుపత్రుల్లో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తపు చిక్కదనానికి సరిపోయేలా కలిపినదది. రొయ్యల రైతు లెక్కలో 9 పిపిటి, అంటే వెయ్యికి తొమ్మిది పాళ్ళు. సముద్రం 35. "అంటే మనిషి మా రెండో చెరువంత" అని వాడు వేళ్ళ మీద లెక్క కట్టాడు. "114 అంటే ఏడు చిల్లర. వాన పడ్డ చెరువులా పల్చబడిపోయింది అమ్మ."

పల్చబడడమే జరిగింది. సోడియం తగ్గిందంటే ఒంట్లో ఉప్పు అయిపోయిందనే అందరూ అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. చాలాసార్లు అసలు గొడవ ఉప్పు తగ్గడం కన్నా నీళ్ళు ఎక్కువవడం. చెరువులో ఉప్పు ఉన్నంతా ఉంది, పైన వాన కురిసింది, తూము మూసుకుపోయింది. తూము ఎందుకు మూసుకుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పేరు వాసోప్రెసిన్.

తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు ఈ హార్మోను. మెదడు అడుగున హైపోథాలమస్‌లో తయారై, అక్కడి నాడీ తంతువుల వెంబడే దిగి పీయూష గ్రంథి వెనక భాగంలో నిలవ ఉంటుంది. రక్తం ఒక్క పిసరు చిక్కబడితే చాలు, విడుదలవుతుంది. పిసరంటే నూటికి ఒకటి రెండు పాళ్ళు. తమ్ముడి దగ్గరున్న, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు గీతకీ గీతకీ మధ్య ఒక పిపిటి తేడా. మెదడు పట్టేసేది అందులో పదో వంతు. కేంబ్రిడ్జిలో వెర్నీ అనే ఆయన కుక్కల మెడ ధమనిలోకి చిక్కటి ఉప్పునీరు ఎక్కించి, వాటి మూత్రం ఎలా తగ్గిపోతుందో చూసి, మెదడులో ఇలాంటి తూనిక ఒకటుందని 1947లో రాశాడు.

ఇక కిడ్నీల సంగతి. రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోస్తాయి. ఇందులో ఎక్కువ భాగం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా దారిలోనే రక్తంలోకి తిరిగి వచ్చేస్తుంది. చివరి గొట్టాల దాకా వచ్చే ఇరవై లీటర్లలోపు నీటి దగ్గరే ఈ హార్మోను పెత్తనం. అది ఉంటే ఆ గొట్టాల గోడల్లో నీటి ద్వారాలు తెరుచుకుని నీరు వెనక్కి ఒంట్లోకి వస్తుంది, మూత్రం కాస్తే, చిక్కగా. లేకపోతే ద్వారాలు కణం లోపలికి వెళ్ళి దాక్కుంటాయి, నీరంతా బయటికి. ఆ ద్వారాలకి ఆక్వాపోరిన్లని పేరు. వాటి జాతిని కనిపెట్టిన పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. మందు కొట్టినవాళ్ళు రాత్రంతా దొడ్డివైపు తిరగడానికీ కారణం ఇక్కడే ఉంది. ఆల్కహాలు ఈ హార్మోను నోరు నొక్కేస్తుంది.

హార్మోను బొత్తిగా లేనివాళ్ళున్నారు. రోజుకి పది, పదిహేను లీటర్లు పోస్తారు, అంత తాగుతారు. ఆ జబ్బుని డయాబెటిస్ ఇన్సిపిడస్ అనేవారు. చక్కెర జబ్బుతో దానికి సంబంధమే లేదు, పేరులో మాత్రం ఉంది. ఆసుపత్రుల్లో ఆ పేరు చూసి షుగరనుకుని అసలు మందు ఆపేస్తే ప్రాణం మీదికొచ్చిన సందర్భాలున్నాయి. అందుకే 2022లో ఎండోక్రైనాలజీ సంఘాల వాళ్ళు దాని పేరు మార్చి, వాసోప్రెసిన్ లోపం అనే అర్థం వచ్చేలా పెట్టారు. పేరు తప్పైతే మనుషులు పోతారని వైద్యులే ఒప్పుకున్న అరుదైన సందర్భం.

నన్నడిగితే వాసోప్రెసిన్ అన్న పేరూ సగం తప్పే. రక్తనాళాలని నొక్కేదని దాని అర్థం. 1895లో లండన్‌లో ఆలివర్, షేఫర్ అనే ఇద్దరు పీయూష గ్రంథి రసం జంతువులకి ఎక్కిస్తే బీపీ పెరిగింది. (అదే ఏడాది జనవరిలో మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. దీనికీ దానికీ సంబంధం లేదు, కానీ 1895 కనిపిస్తే గోదావరి వాళ్ళం చెప్పకుండా ఉండలేం.) మొదట కంటపడిన గుణమే పేరైపోయింది. పల్లెటూళ్ళో చిన్నప్పుడొకసారి కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాణ్ణి ముసలాడయ్యాక కూడా "చెట్టు ఫలానా" అన్నట్టే. మామూలు రోజుల్లో దీని పని నీళ్ళ కాపలా. నాళాలు బిగించడం మోతాదు బాగా పెరిగినప్పుడు, అంటే రక్తం పోయినప్పుడు, ఒళ్ళు చల్లబడుతున్నప్పుడు చేసే పని. ఐసీయూలో నోరడ్రినలిన్‌తో బీపీ లేవకపోతే దీన్ని తోడిస్తారు.

దీని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసిన డు విన్యో 1955లో నోబెల్ తీసుకున్నాడు. ఆయన చేతిమీదే తయారైన దీని అక్క ఆక్సిటోసిన్. తొమ్మిదింటిలో రెండే అమైనో ఆమ్లాలు తేడా. అక్కని గేదెలున్న ప్రతి ఇంటివాళ్ళూ ఎరుగుదురు, దూడ చచ్చిన గేదెని చేపించడానికి దొంగచాటుగా పొడిచే ఇంజక్షన్ అదే. చెల్లెలి పేరు మాత్రం మాకు ఐసీయూ గుమ్మంలో గానీ తెలియలేదు.

*

రక్తం పల్చబడితే హార్మోను ఆగిపోవాలి, నీరు బయటికి పోవాలి. అమ్మకి ఎందుకు ఆగలేదు? ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కిడ్నీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. నేను గోదావరి దాన్నని తెలిశాక బ్యారేజీ పోలికే తెచ్చింది.

మామూలు రోజుల్లో ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టాకెంత, మధ్య డెల్టాకెంత, పడమటికెంత అని లెక్కలు. శివారు భూములకి అందకపోతే వంతులు. వరద మూడో హెచ్చరికకి, అంటే 17.75 అడుగులకి చేరిందంటే అప్పుడు ఎవడూ కాలువల లెక్క చూడడు. 175 గేట్లూ అప్పటికే లేచి ఉంటాయి. ఒంట్లోనూ రెండు రకాల కబుర్లు మెదడుకి చేరతాయట. ఒకటి చిక్కదనం కబురు, రోజువారీది. రెండోది పరిమాణం కబురు, అంటే నాళాల్లో రక్తం మట్టం పడిపోతోందని. నూటికి ఎనిమిది, పది పాళ్ళు పడిపోతే ఇక చిక్కదనం లెక్క చెల్లదు. ముందు ప్రాణం నిలవాలి కాబట్టి రక్తం ఎంత పల్చగా ఉన్నా హార్మోను నీళ్ళు పట్టి ఉంచుతూనే ఉంటుంది. నీరు తీసే మందు, వాంతులు కలిసి అమ్మకి ఆ రెండో కబురు పంపాయి. వికారమైతే దానంతటదే ఈ హార్మోనుని పురిగొల్పే వాటిలో చాలా గట్టిది. సోడియం పడిపోతే వికారం, వికారానికి హార్మోను, హార్మోనుకి ఇంకా నీరు. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది.

ఆ మాత్ర మీద నాకు కోపం వచ్చింది. థయాజైడ్ జాతి మందు. డాక్టరమ్మ నా కోపాన్ని ఒప్పుకోలేదు. కోట్లమందికి బీపీ అదుపులో పెట్టి పక్షవాతాలు తప్పించిన మంచి మందే. కాకపోతే మూత్రాన్ని పల్చన చేసే మెలిక కిడ్నీలో ఎక్కడుందో సరిగ్గా అక్కడే అడ్డుపడుతుంది. వయసు మళ్ళి, బక్కపల్చగా ఉన్న ఆడవాళ్ళలో ఇలా సోడియం పడిపోవడం బాగా తెలిసిన సంగతే. మొదలెట్టిన రెండు మూడు వారాల్లో ఒకసారి పరీక్ష చేయించుకోమంటారు. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెబితే మేం చేయించేవాళ్ళమా అంటే అదీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. (మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఇది చదివి సొంతంగా ఆపేయకండి. పరీక్ష చేయించండి, అంతే.)

ఇంకో సంగతి విన్నాక నాకు నిజంగా నోట మాట రాలేదు. కిడ్నీ ఉత్త నీళ్ళని బయటికి పంపలేదు. ప్రతి లీటరు నీటి వెంటా కాస్త ఉప్పో, తిన్న పప్పూ చేపల నుంచి వచ్చే యూరియానో తోడు పంపాలి. తిండి బాగా తినే వయసువాళ్ళు పది లీటర్లు తాగినా పోసేయగలరు. రెండు ముద్దల చారన్నం తినే ముసలమ్మ కిడ్నీకి ఆ తోడు ఎక్కణ్ణుంచి వస్తుంది? అమ్మ ఉప్పు మానేసింది, పప్పు సయించలేదు, నేను నీళ్ళు పోశాను.

వరండాలో తమ్ముడు ఇదంతా విని ఊరుకోలేదు. "పులస సముద్రంలో ఉన్నన్నాళ్ళూ నీళ్ళు తాగుద్ది. గోదాట్లోకొచ్చాక తాగడం మానేసి ఊరికే పోసేద్దంట, మొన్న ట్రైనింగులో చేపల గురించి చెప్పారు. చేపకున్న తెలివి నీకు లేకపోయిందక్కా" అన్నాడు. మంచినీటిలోకొచ్చిన చేపకి మొప్పల్లోంచే నీరు చొరబడుతుంది, తాగితే ఇంకా పల్చబడుతుంది. మాట నిజమే కాబట్టి పడి ఉన్నాను.

*

ఇక గ్లూకోజు బాటిల్. డెల్టాలో ఇదొక సంప్రదాయం. ఊడ్పులయ్యాక నీరసమని ఒకటి, పెళ్ళి పనులకి అలిసిపోయామని ఒకటి, పండక్కి ఊరొచ్చిన అల్లుడికి జ్వరమొస్తే ఒకటి. అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఒంట్లో ఆ చక్కెర కరిగిపోయాక మిగిలేది అరలీటరు మంచినీళ్ళు. అంతే. రెండు సీసాలంటే లీటరు. ముందే పల్చబడ్డ మనిషి నరంలోకి తిన్నగా లీటరు నీళ్ళు. ఆర్‌ఎంపీ గారిని తిట్టుకున్నాను, తర్వాత మానేశాను. ఆయన నరంలోంచి చేసింది నేను నోట్లోంచి రెండు నెలలు చేశాను.

వైద్యం చాలా నిదానంగా జరిగింది. మాత్ర ఆపారు, నీళ్ళకి కొలత పెట్టారు, చిక్కటి మూడు శాతం ఉప్పునీరు కొంచెం కొంచెం ఎక్కించారు. నాలుగేసి గంటలకి రక్తం తీశారు. గబగబా పెంచేయొచ్చు కదా అంటే, రోజుకి ఎనిమిది దాటనివ్వం అన్నారు. సోడియం తగ్గిన రోజుల్లో మెదడు కణాలు ఉబ్బకుండా తమలోని లవణాలని బయట పారేసుకుని సర్దుకుంటాయి. బయట ఒక్కసారి ఉప్పు పెరిగితే వాటిలోని నీరు లాగేసి, నాడుల మీది పొర ఊడిపోతుంది. మనిషి బతికి, కాళ్ళూ చేతులూ మాటా పోగొట్టుకోవచ్చు. చెరువులో సెలినిటీ ఒక్కపూటలో మారిస్తే రొయ్య తేలిపోతుందని తమ్ముడికి చెప్పక్కర్లేదు, వాడు తలూపాడు.

రెండో రాత్రి సంచీలోకి మూత్రం ధారగా వచ్చింది. వికారం తగ్గి, ఒంట్లో నీరు కుదురుకుని, రెండో కబురు ఆగిపోయిందన్నమాట. హార్మోను పట్టు వదిలింది. నాకు సంతోషం, డాక్టరమ్మకి కంగారు. 121 దగ్గరున్నది అర్ధరాత్రికి 124. పరుగు ఎక్కువైంది. నర్సు ఒక సీసా తెచ్చి తగిలిస్తుంటే పేరు చదివాను. గ్లూకోజు, అయిదు శాతం! గొంతు చించుకున్నాను. డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూచోబెట్టి, "ఇప్పుడు కావాల్సింది నీళ్ళే" అంది. ఊళ్ళో ప్రాణం మీదికి తెచ్చిన సీసానే ఇక్కడ అడ్డుకట్ట అయింది. ఆ రాత్రి నుంచి ఫలానాది మంచిది, ఫలానాది చెడ్డది అని ఎవరైనా అంటే నాకు ఎప్పుడు, ఎవరికి, అప్పటికి సోడియమెంత అని అడగాలనిపిస్తుంది.

మూడో రోజు పొద్దున్న అమ్మ కళ్ళు తెరిచి "ఏమే, పాలవాడొచ్చాడా?" అంది. నా పేరు పెట్టి.

*

ఇప్పుడు నా వాదన. దాహం అనేదొకటి ఒంట్లో ఉన్నప్పుడు లీటర్ల లెక్క ఎవరు పెట్టారు? వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ దాహాన్ని, ఈ హార్మోనుని, కిడ్నీలని నమ్మొచ్చు. కోట్ల ఏళ్ళ నాటి పనివాళ్ళు. చేపల్లో, కప్పల్లో, కోళ్ళల్లో కూడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడాతో ఇదే హార్మోను నీటి పని చూస్తోంది.

"మరి ఎండాకాలంలో ముసలివాళ్ళకి దాహం తెలియదు కదా" అని ఒక అక్క అడిగింది. నిజం. వయసుతో దాహం మొద్దుబారుతుంది. అయితే అదే వయసుతో అదనపు నీటిని పోసేసే శక్తీ తగ్గుతుంది. రెండువైపులా గట్టు సన్నబడిపోయిన కాలువ అది. అలాంటి చోట అందరికీ ఒకే కొలత చెప్పడం ప్రమాదమనే నేనంటున్నది. మూడు లీటర్ల ఉత్త నీళ్ళ బదులు పూటకో గ్లాసు మజ్జిగ, నీళ్ళతో పాటు సరిగ్గా అన్నం, పప్పు పెట్టి ఉంటే అమ్మ రాజమండ్రి చూసేది కాదని నా గట్టి నమ్మకం. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగమని డాక్టర్లే చెబుతారు, తాగాల్సిందే. మే నెల ఎండలో పనిచేసే కూలీలకీ, ఇటుకబట్టీల వాళ్ళకీ నీళ్ళు కావాలి, ఉప్పుతో సహా కావాలి. తెల్లారే పొలమెళ్ళేవాళ్ళు తరవాణి తాగి, చద్దన్నంలో మజ్జిగా ఉప్పూ కలుపుకుని తినడం మోటు తిండి అని మనం మానిపించాం. విరేచనాలకి ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లంలో కూడా లీటరుకి 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది, ఉత్త చక్కెరనీళ్ళు కాదు.

కోనసీమలో పుట్టి ఇది అనకూడదు గానీ, కొబ్బరిబొండం కూడా సోడియానికి మందు కాదు. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అమ్మ మంచం పక్కన పరామర్శకొచ్చినవాళ్ళు తెచ్చిన బొండాలు పద్నాలుగు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకైతే ఆ పొటాషియమే ముప్పు. మా చెట్ల బొండాలే, ఏం చేస్తాం, నేనూ తమ్ముడూ తాగేశాం.

ఉప్పు తగ్గించమనడం తప్పని కూడా నేననడం లేదు. రోజుకి అయిదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పచ్చళ్ళూ ఎండుచేపలూ వేసుకుంటే ఆ అంకె పొద్దుటి పూటే దాటిపోతుంది. నా గొడవ మానేయడంతో. ఇంకో గొడవ, పెద్దవాళ్ళు మాట తడబడితే "వయసు" అని తీసిపారేయడంతో. మూడు రోజుల్లో వచ్చిన మతిమరుపు వయసు వల్ల రాదు. వయసు అంత గబగబా రాదు. పేర్లు మార్చి పిలుస్తున్నా, నడకలో తూలుతున్నా, ఊరికే మగతగా ఉన్నా, గాలి సోకిందని తాయెత్తు కట్టించేముందు, గ్లూకోజు పెట్టించేముందు, సోడియం, పొటాషియం పరీక్ష చేయించండి. అమలాపురం, రాజోలు, తణుకు, భీమవరం, ఏ ఊళ్ళోనైనా చిన్న ల్యాబులో చేస్తారు. రొయ్యపిల్ల వేసేముందు చెరువు నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి పరుగెత్తే జిల్లాలు ఇవి.

అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంది. మాత్ర మార్చారు. ఆవకాయ అటక దిగింది, వారానికి రెండుసార్లని ఒప్పందం, మూడోసారి కూడా తింటోందని తమ్ముడి భార్య నాకు రహస్యంగా చెబుతుంది. గీతల సీసాలో ఇప్పుడు కిరసనాయిలు పోశారట. నెలకోసారి పరీక్ష తమ్ముడి బాధ్యత. మొన్న ఊరెళ్ళినప్పుడు గట్టు మీద షెడ్డులో వాడి చెరువుల పుస్తకం తిరగేశాను. ఒకటో చెరువు 11, రెండోది 9, మూడోది 8, కింద మేత బస్తాల లెక్క, ఏరియేటరు రిపేరు ఖర్చు. ఆ కింద ఎర్ర పెన్నుతో: అమ్మ, 136 పిపిటి.